ఎనిమిది పాటల పులుసు

“ఇంగ ఎన్ని పాటలుండాయి మే?” అన్నాడు మీ తాత మంచం మీద నుంచి. “రెండుండాయి. అంతలోకే ఏమి ఆత్రం నీకు?” అన్నాను పొయ్యి కాడ నుంచి. మా ఇద్దరి మధ్య చివరి మాటలు అవే. ఏడవడానికి చెప్పడం లేదు పాపా, నువ్వు రాసుకో. ఆ మాట తెలియాలంటే నా పెళ్లయిన కొత్తలోకి పోవాలి.

ఆ రోజుల్లో ఓర్వకల్లు పక్కన మా పల్లెలో మాకు గడియారం లేదు. మా అమ్మ చర్చి పాటలు లెక్కపెట్టి వండేది. అన్నానికి ఒక పాట, సంగటికి రెండు, పొట్టేలు కూరకు ఆరు, చెవులపిల్లికి (కుందేలును మా వైపు అట్లే అంటారు) సన్నని సెగ మీద ఎనిమిది. మా చర్చి పాట అంటే మాటలా? ఒక చరణం అయ్యేలోపు బర్రె వీధి చివరి దాకా పోయి తిరిగొచ్చేది.

నన్ను ఎర్రగుంట్ల దగ్గర ఇచ్చారు. మొగుడు సిమెంటు లారీ తోలేవాడు. నెల తిరగక ముందే, ఆదివారం మధ్యాహ్నం భోజనానికి పాస్టరయ్యను పిలిచారు. కొత్త కోడలి చేతి కూర ఆయన తిని మెచ్చుకుంటేనే ఆ ఇంట్లో గరిటె ఆమెకు దక్కేది. మా ఆయన ఎవరో పెంచిన చెవులపిల్లిని కోయించి తెచ్చాడు. “ముక్క ఎముకను వదల్లేదనుకో, మీ అమ్మ కాడికి పంపిస్తా. నేర్చుకుని క్రిస్మస్‌కు రా” అంది మా అత్త. అప్పటికి ఇంకా ఎండాకాలమే పోలేదు.

చర్చి నుంచి రాగానే మసాలా నూరి, కుండ పెట్టి, పాట ఎత్తుకున్నాను. పాటకొక చింతగింజ పక్కన పెడుతున్నాను. అత్త విని పరవశించిపోయింది. “రాండమ్మా, చూడండి నా కోడలిని, పొయ్యి కాడ గూడా దేవుని మరిసిపోదు” అని వాడంతా పిలిచింది. నలుగురు ఆడవాళ్లు కంజీర తెచ్చుకుని కూర్చున్నారు. వాళ్ల ఊరి వరస లారీ కంటే వేగం. నేను ఒక్క ఊపిరి పీల్చేలోపు వాళ్లది చరణం అయిపోయేది. నా బుద్ధి చూడు, వాళ్ల పాటలకూ గింజలు పెడుతూ పోయాను, వేగం మారిందని తోచనే లేదు. ఎనిమిదో గింజ పడగానే కుండ దించేశాను.

పాస్టర్ అయ్యగారు వచ్చి కూర్చున్నారు. సంగటి ముద్దలు పెట్టాను. కూర తోడబోతూ గరిటెతో ముక్కను నొక్కితే అది చెప్పు అట్టలాగా తిరిగి లేచింది. మా ఆయన నీళ్ల చెంబు కోసం లోపలికి వస్తే, “ఉడకలేదయ్యా, నేను మా ఊరికి పోయినట్లే” అన్నాను. ఆయన కుండలోకి చూశాడు, నన్ను చూశాడు. “మళ్లీ పెట్టు” అని బయటికి పోయాడు.

“అయ్యగారూ, తినేముందర మా అవ్వ మోకాళ్ల కోసం ప్రార్థన చేయండి” అన్నాడు. అవ్వ మోకాళ్లు అయిపోయాయి. తర్వాత వాన. తర్వాత లారీ టైర్లు. తర్వాత మంగంపేట గనిలో పనిచేసే చిన్నాయన, ఆయన ఆరుగురు పిల్లలు. “ఇంగ ఎవరన్నా ఉండారా అప్పా? సంగటి ఆరిపోతాండాది” అన్నారు అయ్యగారు. “ఉండారయ్యా, మా అత్తగారింటోళ్లు. శానా మందే.” అందరూ కళ్లు మూసుకుని ఉంటే నేను ఒక్కదాన్నే కళ్లు తెరిచి (దేవుడు క్షమించాలి) పొయ్యిలోకి పుల్లలు తోస్తూ ఉన్నాను. చివరికి, “ఒక పాట గూడా ఎత్తండి అయ్యగారూ, నిదానంగా” అన్నాడు. ముసలాయన కదా, మా ఊరి బర్రె రెండుసార్లు పోయి తిరిగొచ్చేంత సేపు పాడారు.

ముక్క వేలితో తాకితే ఎముక వదిలింది. అయ్యగారు మూడుసార్లు పోయించుకున్నారు. సంగటి మాత్రం రాయి అయింది, దాన్ని ఎవరూ లెక్కచేయలేదు. గరిటె నా చేతికి వచ్చింది.

చాలా ఏళ్లకు అత్త ఒకరోజు నా చేత తల దువ్వించుకుంటూ, “కండ్లు మూసుకుంటే ముక్కు గూడా మూసుకుంటానా? పొయ్యి పొగ రాలేదనుకుంటివా?” అంది. నా చేతిలో దువ్వెన ఆగిపోయింది. “దువ్వు, దువ్వు. నా కొడుకు నీకోసం అన్ని అబద్ధాలాడె, నేను ఒక్కటి దాయలేనా?” అంది.

ఇప్పుడు ఇంట్లో కుక్కర్ ఉంది, నాకు విజిళ్ల లెక్క రాదు. మొన్న ఆయన చెవులపిల్లి పులుసు అడిగినప్పుడు కూడా గింజలే పెట్టుకున్నాను. మిగిలిన రెండు పాటలు నిదానంగా పాడి, పులుసు దించి లేపబోతే లేవలేదు. ప్రార్థనలతో అంతమందిని ఆపిన మనిషి, తను రెండు పాటలు ఆగలేకపోయాడు. ఆ రోజు వేగం తెలియక దించేసిన పిచ్చిపిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. మొన్న కొంచెం గబగబా పాడి ఉంటే ఒక ముక్కన్నా తినేవాడు కదా అనిపిస్తుంది.

సరే పాపా, రాసింది మొదటి నుంచి చదివి వినిపించు. మీ ఊరి వరస వద్దు. మా ఓర్వకల్లు వరసలో చదువు.