శిరస్తాదారు గారి సప్తసాగర యాత్ర

కచేరీలో పెద్ద ఉద్యోగం చేసి పింఛను పుచ్చుకున్న ఒక శిరస్తాదారు గారి వెంట నేను సప్తసాగర యాత్ర చేశాను. గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట్లన్నిటా స్నానం చేసుకుంటూ, చొల్లంగిలో మొదలుపెట్టి భీష్మ ఏకాదశికి అంతర్వేది చేరడం ఆ యాత్ర. అప్పటికే ఆనకట్ట కట్టారు, కాలువల్లో పడవలు తిరుగుతున్నాయి. చాలా దూరం పడవలో హాయిగా పోవచ్చు. కాని పడవెక్కినవాణ్ణి ఎవరు పొగుడుతారు? అందుకని ఆయన కాలినడకనే చేస్తానని రాజమహేంద్రవరమంతా చాటుకున్నారు. ధవళేశ్వరంలో ఉండే మా వారి మేనత్త కూడా బయలుదేరింది. డెబ్బై ఏళ్ళకు దగ్గర పడ్డ మనిషి. ఆవిడకు తోడుగా నన్ను పంపారు.

నడిచింది మేము. ఆయన వెనక ఒక మేనా వచ్చేది. దేవతార్చన పెట్టె కోసమని చెప్పేవారు. ఊరు దాటి నాలుగు తాడిచెట్లు అడ్డం రాగానే పెట్టె మేనా మోసే బోయీల్లో ఒకడి నెత్తికెక్కేది, ఆయన మేనాలోకి ఎక్కేవారు. మళ్ళీ ఊరి పొలిమేరలో దిగి, బాట పక్కన వంగి, గుప్పెడు దుమ్ము తీసి పాదాలకు పులుముకునేవారు. నా కళ్ళతో చూశాను. ఆ పాదాలనే ఊళ్ళో గృహస్థులు పళ్ళెంలో పెట్టి కడిగి, ఆ నీళ్ళు నెత్తిన చల్లుకునేవారు. ఈ సంగతి ఆయన వెంట బయలుదేరిన మా గుంపులో అందరికీ తెలుసు. తెలిసీ, "మహానుభావులు" అంటూ ఆయన విస్తరి పక్కన కూర్చోవడానికి తోసుకునేవారు. ఆయన మీద కంటే వాళ్ళ మీదే నాకు ఎక్కువ రోత.

ఆఖరి రోజు సఖినేటిపల్లి సత్రం దగ్గర తయారవుతున్నాం. ముందురోజే అత్తయ్యగారి అరికాల్లో మొగలి ముల్లు దిగి, మడమ వాచింది. నేనుండబట్టలేక అందరి ముందూ అడిగాను.

"మీ మేనాలో చోటుంది కదండీ. అత్తయ్యగారిని కాసేపు ఎక్కించండి."

ఆయన నా వైపు చూడకుండానే, "దేవతార్చన పెట్టె ఉన్న మేనాలో మనుషుల్ని ఎక్కిస్తారా అమ్మా? అపచారం కదూ!" అన్నారు.

గుంపంతా "అపచారం, అపచారం" అంది. ముందురోజు మధ్యాహ్నం ఆ మేనాలోంచి వినబడిన గురక ఎవరిదో ఒక్కరూ అడగలేదు.

"నన్నెవరూ మొయ్యక్కర్లేదు," అంది అత్తయ్యగారు. "ఆ కర్ర ఇలా ఇయ్యి అమ్మాయ్."

అయితే ఏకాదశి కావడంతో ఆ రోజు దారి నిండా జనమే. రాజమహేంద్రవరం నుంచి బళ్ళు కట్టుకుని వచ్చినవాళ్ళు, ఆయన కింద పనిచేసిన గుమాస్తాలు, అడుగడుగునా నిలబడి దణ్ణాలు పెడుతున్నారు. ఇక మేనా ఎక్కేదెలా? శిరస్తాదారు గారు నిజంగా నడవాల్సి వచ్చింది. మొదట ఛాతీ విరుచుకుని, మా అందరికంటే ముందే నడిచారు. అత్తయ్యగారూ నేనూ వెనకబడిపోయాం. ఆవిడ కర్ర ఊతగా పట్టుకుని, పళ్ళు బిగబట్టి, అడుగు తీసి అడుగు వేస్తోంది. సముద్రం దగ్గరపడేకొద్దీ బాట పోయి ఇసక వచ్చింది. ఎండెక్కాక ఆ ఇసక మీద కాలు పెట్టడమే కష్టమైంది.

ఒక మొగలి పొద నీడన మేనా దింపి ఉంది. బోయీలు చుట్టలు కాల్చుకుంటున్నారు. పక్కనే ఇసకలో ఆయన కాళ్ళు చాపుకుని కూలబడి ఉన్నారు. గుంపులో ఒక్కడూ లేడు. స్నానానికి వేళ మించిపోతుందని అందరూ ముందే వెళ్ళిపోయారట. వెళ్తూ, "మీరు నెమ్మదిగా దయచెయ్యండి, మేం ఏర్పాట్లు చూస్తాం" అని కూడా అన్నారట.

"ఎక్కమంటే ఎక్కరు, లెగమంటే లెగరు. మేమేం సెయ్యమండమ్మా?" అన్నాడొక బోయీ.

"పదండి అత్తయ్యగారూ, మనకీ ఆలస్యమవుతోంది," అన్నాను. ఆయన మీద నాకు ఇసుమంత జాలి కూడా కలగలేదు.

ఆవిడ నా మాట వినిపించుకోలేదు. ఆయన ముందు చతికిలబడి, మా చెంబులో నీళ్ళు ఆ కాళ్ళ మీద పొయ్యమంది. పోశాను. అరికాళ్ళు తెల్లగా, మెత్తగా, చంటిపిల్లల కాళ్ళలా ఉన్నాయి. నిండా బొబ్బలు చితికిపోయాయి. ఆవిడ తన చీర అంచు చింపి రెండు కాళ్ళకూ కట్టు కట్టింది.

"ఇక మేనా ఎక్కండి."

"దారినపోయే జనం చూస్తున్నారండి," అన్నారాయన, ఏడుపు గొంతుతో.

"అయితే నడవండి," అని ఆవిడ కర్ర అందుకుని లేచింది.

మేం అంతర్వేది చేరేసరికి పొద్దు వాలింది. సాగరసంగమంలో అత్తయ్యగారు కళ్ళు మూసుకుని మూడు మునకలు వేసింది. నేనూ మునిగాను గాని, నా ధ్యాసంతా ఒడ్డు మీదే ఉంది. కాసేపటికి తెరలు దించిన మేనా వచ్చింది. లోపల ఆయనకు జ్వరమన్నారు. పొద్దున ఇసకలో వదిలేసి వచ్చినవాళ్ళే, "పాపం, ఎంత శ్రమపడ్డారో!" అంటూ ఎదురెళ్ళారు. నేను అవతలికి పోయాను.

ఆ వేసవిలో నేను ధవళేశ్వరంలో అత్తయ్యగారింట ఉండగా ఆయన అక్కడికి వచ్చారు. పాదచారిగా యాత్ర ముగించినందుకు ఆయనకు రాజమహేంద్రవరంలో శాలువా కప్పుతారట. చూసినవాళ్ళు సభలో ఒక మాట చెబితే బావుంటుందట. అత్తయ్యగారు మజ్జిగ ఇప్పించింది.

"నేను నడవడం మీరు చూశారు కదండీ?" అన్నారాయన.

"చూశానండి. ఆ ఒక్క పూటా చూశాను."

ఆయన మొహం ఏమైనా మారుతుందేమోనని నేను తలుపు పక్క నుంచి తొంగి చూశాను. ఏమీ మారలేదు. "అదే, ఆ మాటే చెప్పండి చాలు," అని సంతోషంగా మూతి తుడుచుకుని లేచారు. సభకు అత్తయ్యగారు వెళ్ళలేదు. శాలువా మాత్రం కప్పారు.