చేప ముట్టని అత్తగారు

మొన్న బరంపురం నుంచి రైల్లో వెళుతూ, ఖల్లికోట దాటాక కిటికీ తలుపు ఎత్తాను. చిలికా సరస్సు ఒడ్డు పొడుగునా కొత్త ఇళ్లు, వాటి మురుగంతా ఆ నీళ్లలోకే. ఎదుటి సీటాయన ముక్కు మూసుకుని, "నీళ్లిలా ఉంటే చేపలేం బతుకుతాయండీ?" అన్నాడు. నాకు మా అత్తగారు గుర్తొచ్చారు. ఆవిడ జన్మలో చేప ముట్టలేదు. ఆ మాటకొస్తే, మా వంటింట్లో ఉల్లిపాయ పేరెత్తడానికి కూడా జంకేవాళ్లం.

గంజాం ఇంకా ఒరిస్సాలో కలవక, మద్రాసు రాజధానిలో ఉన్న రోజులవి. చిలికా ఒడ్డున మా అత్తవారి ఊరు. నేను కొత్త కోడలిని. రైలు స్టేషను చుట్టూ ఏటేటా గుడిసెలూ కొట్లూ లేచేవి; కట్టుకోడానికి అందరికీ తాళ్లు కావాలి. మామగారు తాళ్ల వ్యాపారం పెంచి, నార తీయడానికి జనుము కట్టలు చిలికా మూలనున్న రెల్లు మడుగులో నానబెట్టించసాగారు. ఇంకో ముగ్గురు షావుకార్లు ఆయన దారే పట్టారు. ఆ రెల్లు చాటునే చేపపిల్లలు పెరుగుతాయని మాకేం తెలుసు?

ఒక ఉదయం, మా కొట్లో వలనూలు కొనే జాలరి ముసలమ్మ పెరటి గుమ్మంలోకి వచ్చింది. "కోడలమ్మా, మడుగు నీళ్లు సచ్చిపోనాయి. పిల్ల సేపలన్నీ తేలిపోనాయి. మీ మావగోరికి సెప్పమ్మా," అంది. మామగారి ముందు నోరెత్తే ధైర్యం నాకెక్కడిది? అత్తగారికి చెప్పాను.

ఆవిడ మడిబట్టతోనే బయల్దేరారు. వెనక నేనూ, ముసలమ్మా. మడుగు కుళ్లుకంపు కొడుతోంది. వేలెడేసి చేపలు తెల్లటి పొట్టలతో తేలుతున్నాయి. ముసలమ్మ వద్దంటున్నా వినకుండా ఆవిడ మోకాలి లోతు దిగి నిలబడ్డారు. ఆ నల్లటి బురద కాళ్లతోనే తిన్నగా కొట్లోకి నడిచారు.

మామగారు బిత్తరపోయారు. "ఏటే ఇది?"

"మీ జనుము నీళ్లే. జాలరోళ్లు పొద్దున లేస్తే అందులోనే దిగాల."

"ఊరు పెరుగుతంది. నాను మానేస్తే ఇంకోడు నానబెడతాడు."

"ఇంకోడి సంగతి ఆడి పెళ్లాం సూసుకుంటాది. మీ సంగతి నాను సూసుకోవాల."

కొట్లో ఉన్నవాళ్లు నవ్వారు. మామగారు నవ్వలేదు, ఆ పూట భోజనానికీ రాలేదు. సాయంత్రం ఒక్కరే మడుగు దాకా వెళ్లొచ్చారు. వారం తిరక్కుండా జనుము నానబెట్టడానికి మెట్ట మీద గుంటలు తవ్వించారు. నీళ్లు మోయించడం కష్టమని చాన్నాళ్లు సణిగారు గానీ, మళ్లీ మడుగు జోలికి పోలేదు. షావుకార్లలో ఇద్దరు ఆయన్ని చూసి మారారు. మూడో ఆయన మారలేదు; ఆయన నానబెట్టిన మూల మళ్లీ రెల్లు మొలవలేదు. మిగతా మడుగు రెండు వానాకాలాలకు తేరుకుంది.

అప్పటి అత్తగారి వయసు నేనెప్పుడో దాటేశాను. ఏళ్లు గడిస్తే ఆ ధైర్యం దానంతటదే వస్తుందనుకున్నాను. ఏళ్లు మాత్రమే వచ్చాయి.