మూడోసారి పడాల్సిన మనిషి

నా మొగుడు దెబ్బలు తినడంలో పేరుమోసినవాడు. నవ్వకండి, అది ఉద్యోగమే. ఊరూరా రింగు కట్టి కుస్తీ ప్రదర్శనలిచ్చే బృందంలో ఆయనా, ఆయనకంటే చిన్నవాడైన స్నేహితుడూ ఒక జత. ఒకరు లోపల కొట్లాడుతుంటే రెండోవాడు తాళ్ల బయట మూలన నిలబడాలి. చెయ్యి తగిలిస్తేనే లోపలికి రావాలి. ఎప్పుడూ తన్నులు తినేది మా ఆయన. చివర్లో దూకి అవతలివాళ్లను చితక్కొట్టేది ఆ స్నేహితుడు. ఈలలన్నీ వాడికే. ఎనిమిదేళ్లుగా ఇదే వరస, నాకు ఒళ్లు మండేది.

పోయినేడు మా ఆయనకు మెడ పట్టేసింది. ఇంకోసారి గట్టిగా పడితే ఎడమ చెయ్యి పనికిరాకుండా పోతుందని డాక్టరు చెప్పాడు. వింటేగా! "నేను మానేస్తే వాడొక్కడే ఏం జేస్తాడే?" అంటాడు. చర్చిలో మోకరించి మోకరించి నా మోకాళ్లు అరిగాయి కానీ ఆయన బుద్ధి మారలేదు. అందుకే కడపలో ఆట ఉన్న రోజు నేనూ బయల్దేరాను. ఆ స్నేహితుణ్ణి నిలదీసి, మా ఆయన్ని వదిలెయ్యమని అడిగేద్దామని.

ఆ మధ్యాహ్నం కమలాపురంలో, మా ఇంట్లో సంగటి తింటూ సాయంత్రం జరగబోయే కథంతా తట్టలో చూపించాడు మా ఆయన. రెండు ఉల్లిపాయ ముక్కలు తామిద్దరూ, రెండు పచ్చిమిరపకాయలు అవతలివాళ్లు.

"రెండుసార్లు చెయ్యి అందబోతాది, కాలు పట్టి ఎనక్కి ఈడుస్తారు. మూడోసారి వాళ్లల్లో లావాటాయన నన్ను నెత్తికెత్తి కిందేస్తాడు. అప్పుడు పాక్కుంటా పోయి వాని చెయ్యి అందుకుంటా."

"మరి మెడ?"

"ఏం గాదులేవే."

సాయంత్రం కడప మైదానంలో నా పక్కన కూర్చున్న ముసలాయన "అంతా ఉత్తుత్తిదేలేమ్మా" అని నాకు ధైర్యం చెప్పాడు. మొదటిసారి మా ఆయన కాలు పట్టి ఈడ్చేసరికి ఆ ముసలాయనే లేచి, "ఇంగ జానెడే ఉండాది, అందుకోప్పా!" అని గొంతు చించుకున్నాడు. కథ ముందే తెలిసిన నేనూ ఆ ముసలాయనతోపాటే లేచి నిలబడ్డాను. మూలన ఆ స్నేహితుడు ఒక చేత్తో తాడు పట్టుకుని, రెండో చెయ్యి సాచి, కళ్లనీళ్లతో వంగి ఉన్నాడు. వాడట్లా అల్లాడుతున్నాడు కాబట్టే ఇంతమందీ మా ఆయన కోసం అల్లాడుతున్నారని అప్పుడు తెలిసింది. అబ్బ, ఏం పనితనం!

రెండోసారి ఈడ్చి విసిరినప్పుడు మా ఆయన పక్కకు ఒరిగి పడ్డాడు. ఎడమ చెయ్యి ఒంటి కిందే ఉండిపోయింది. "ప్రభువా!" అన్నాను. అది నటన కాదు, ఆయన మొహం నాకు తెలీదూ!

వాడికీ తెలిసింది. వంతు రాకుండానే తాళ్లు దూకి లోపలికొచ్చాడు. రిఫరీ నెట్టేస్తే వాదించాడు, కాళ్ల మీద పడ్డాడు. జనం పగలబడి నవ్వారు, "ఈనికి శానా ఆత్రమప్పా!" అని తిట్టారు. ఆ సందులో మా ఆయన ఊపిరి తీసుకున్నాడు. వాడు బయటికి పోయి, తాడు కింద బోర్లా పడుకుని, తానే చెయ్యి చాచి మా ఆయన వేళ్లు తాకాడు. అట్లాగే లోపలికి దొర్లి, లేచి లావాటాయన చెంప ఛెళ్లుమనిపించాడు. లావాటాయన ఒక్క క్షణం వాడి కళ్లలోకి చూశాడు. చూసి, వాణ్ణే నెత్తికెత్తి కిందేశాడు.

అది మా ఆయన పడాల్సిన దెబ్బ. రింగంతా అదిరింది. అంత జనంలో అది తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. జనమేమో ఇదే కథనుకుని ఈలలేశారు. వాడు నడుం పట్టుకుని లేచి, ఎట్లాగో ఆట గెలిపించాడు.

తెర వెనక్కి పరిగెత్తాను. మా ఆయన చాప మీద పడుకుని వేళ్లు కదిలిస్తున్నాడు. కదులుతున్నాయి. పక్కనే వాడు నడుముకు ఐసు పెట్టుకుని కూర్చున్నాడు. ఎనిమిదేళ్లు దాచుకున్న తిట్లన్నీ మర్చిపోయి, జారిపోతున్న ఐసు మూటను వాడి నడుముకు సరిగ్గా ఆనించాను. వాడే ముందన్నాడు.

"వదినా, అన్నను ఇంటికి తీస్కపో. నేను చెప్తే ఇనడు."

"మరి నీకు జతెవరప్పా?"

"ఇంగెవరు వదినా? అన్న మాదిరి పడేటోడు యాడ దొరుకుతాడు? నేను గూడా మానేస్తాండా."

మా ఆయన తెరవైపు తిరిగి పడుకున్నాడు. నేను తీసుకుపోదామని వచ్చింది ఒక్కణ్ణే. ఇద్దర్నీ రింగులోంచి దించేశాను. అక్కడే నేల మీద కూలబడి, వాళ్లిద్దరి ముందూ భోరున ఏడ్చాను.