నోటీసు మీద రెండు భాషలు

పాతికేళ్ల కిందటి మాట. నాన్న పోయిన నెలకు పనిమీద తెనాలి నుంచి వచ్చి, పటాన్‌చెరులో సంగారెడ్డి బస్సెక్కాను. రాజ్యాంగ సభ చర్చల మీద నాన్న చదివిన పుస్తకం వెంట తెచ్చుకున్నాను. హిందీకి నాగరి లిపి, అంకెలు మాత్రం 1, 2, 3 అనే అంతర్జాతీయ రూపంలో అని సభ రాజీకొచ్చిన చోట, పక్కన పెన్సిల్‌తో ‘ఎవరికీ తృప్తి లేదు’ అని రాసుకున్నారాయన.

“ఏం పుస్తకం సారూ?” అన్నాడు పక్క సీటాయన. దగ్గర్లోని లక్డారం మనిషి, ఫ్యాక్టరీలో పని. అంకెల గొడవతో సహా చెప్పాను.

“గంత పెద్దోళ్లు అంకెల కోసం కొట్లాడిండ్రా!” అని నవ్వాడు. “మాదీ గదే పంచాది. మాతోటి బిహారాయనను పనిలకెల్లి తీసేసిండ్రు. రేపు గేటు కాడ మీటింగు. అందరొస్తెనే మేనేజరు మళ్ల తీసుకుంటడు. నోటీసు తెలుగుల రాస్తే బిహారోళ్లు రామన్నరు. హిందీల రాస్తే మావోళ్లు అలిగిండ్రు. రెండూ రాద్దమంటే, పైన ఏది ఉండాలె అని మళ్ల లొల్లి.”

“మరి ఏం చేశారు?”

“టైము అంకెలల్ల నడిమిట్ల పెద్దగ రాసినం. అది అందరికి తెలుస్తది. గిటు దిక్కు తెలుగు, గటు దిక్కు హిందీ. ఇద్దరూ సణుగుతనే, గులుగుతనే ఉన్నరు సారూ. గులిగినా వస్తరు.”

సంగారెడ్డిలో దిగి జనంలో కలిసిపోయాడు. ఆ మీటింగుకు ఎంతమంది వచ్చారో, ఆ బిహారీ మనిషికి మళ్లీ పని దొరికిందో లేదో నాకు తెలియదు.

నాన్న ఉంటే ఇంటికెళ్లగానే ఇది చెప్పేవాణ్ణి. పుస్తకంలో ఆయన పెన్సిల్ వాక్యం కింద రాసిపెట్టాను: ‘గులిగినా వస్తరు.’