వెంట్రుకలు మొలిచిన పడవ

పడవను నీళ్లలో ముంచినవాళ్లు లోకంలో చాలామందే ఉంటారు. ఒడ్డున, ఎండిన ఇసుకలో, చుక్క నీరు తగలకుండా పడవను ముంచబోయినవాణ్ని మాత్రం నాకు తెలిసి నేనొక్కణ్నే. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. కృష్ణ ఒడ్డున సోమశిలలో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

రెండువేల ఐదు ప్రాంతం. నాకు ఇరవై మూడేళ్లు. కొల్లాపూర్‌లో లారీలకు, ట్రాక్టర్ ట్రాలీలకు రంగులు వేసేవాణ్ని. పేరు జహంగీర్, జనం నోట్లో జాంగీరు. కొత్త రంగు వేయడంకంటే పాత రంగు ఊడదీయడంలోనే నాకు ఎక్కువ పేరు. రిమూవర్ అని ఒక జిగట మందు ఉంటుంది. ఇనుప తలుపుకు పూసి ఒక బీడీ కాల్చేంతసేపు ఆగితే, పాత రంగు కాగిన పాల మీద మీగడలా ముడతలు పడి లేస్తుంది. లప్పం పూసే ఇనుప పట్టీతో ఒక్క గీకు గీకితే చాలు, పుట్టినప్పటి ఇనుము బయటపడుతుంది. ఆ ఇనుమును చూసినప్పుడల్లా దాన్ని నేనే పుట్టించినంత గర్వం నాకు.

ఆ గర్వం సోమశిల దాకా పాకింది. అక్కడ కుర్మయ్య అని ఒక పడవాయన ఉండేవాడు. ఏళ్ల తరబడి పరాయి పడవల్లో కూలికి పనిచేసి, చివరికి సొంతంగా ఒక పాత ఫైబర్ పడవ కొనుక్కున్నాడు. దాని మీద రంగు ఎండిన చేప పొలుసుల్లా రాలిపోతోంది. శివరాత్రికి యాత్రికులు వచ్చేలోపు దానికి కొత్త రంగు వేయించాలని నన్ను పిలిపించాడు. పండుగ ఇంకా రెండు వారాలుంది.

కుర్మయ్య నెమ్మదైన మనిషి. పడవను ఇసుకలో బోర్లించి ఉంచి, నేను సామాను దించుతుంటే ఒకే ఒక్క మాట అడిగాడు.

"ఫైబర్ పని నీకు ఎరుకేనా తమ్మీ?"

"ఇనుమే నా మాట ఇంటదన్నా. గీ ఫైబర్ ఎంత?" అన్నాను.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త పెయింటరు పొర ఎరగడు. పడవ కుడి పక్కంతా మందు దట్టంగా పూశాను. లారీకంటే పడవ పెద్ద మనిషి కదా, కొంచెం ఎక్కువసేపు నాననిద్దామనుకున్నాను. ఈలోగా కుర్మయ్య భార్య సాయమ్మ అన్నానికి పిలిచింది. కృష్ణ చేపల పులుసు, జొన్నరొట్టె. తిన్నాక ఎవరికైనా కళ్లు మూతలు పడతాయి. నాకూ పడ్డాయి.

లేచి వచ్చి పట్టీ ఆనించానో లేదో, రంగు హల్వాలా వచ్చేసింది. నీలం వచ్చింది. దాని కింద ఎరుపు వచ్చింది. ఆ కింద తెలుపు వచ్చింది, ఇంకా వచ్చింది, ఎంత గీకితే అంత వచ్చింది. ఇదివరకు ఎవడో పిచ్చివాడు పడవకు తెల్లరంగు బకెట్లకొద్దీ పోశాడని కుర్మయ్యకు వివరించాను కూడా. ఆయన వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"తమ్మీ, పడవకు ఎంటికలు మొలుస్తున్నయేంది?"

నిజమే. గీకిన చోటల్లా తెల్లటి సన్నటి పోగులు లేచి గాలికి ఊగుతున్నాయి. నేను ఏం చెప్పానో రాయడానికి ఇప్పటికీ సిగ్గే. పాత పెయింటరు బ్రష్షు నాసిరకందని, దాని వెంట్రుకలు రంగులో ఉండిపోయాయని చెప్పాను.

ఆ వెంట్రుకలకు క్షవరం చేద్దామని గరుకు కాగితం తీసుకుని, చొక్కా విప్పి, పొడి మీదే రుద్దడం మొదలుపెట్టాను. అవి గాజు పోగులు. ఆ సంగతి నాకు తెలియదు, నా ఒంటికి మాత్రం వెంటనే తెలిసింది. మెడ, వీపు, చంకలు, చెప్పకూడని చోట్లు అన్నీ ఒకేసారి దురద. అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్నారు పెద్దలు. నా విషయంలో రంగు గీకనేల, ఒళ్లు గీక్కోనేల. దూలగొండి పొదలో గిట్ల పడ్డావా అని సాయమ్మ పరేషానైంది. ఏటికి పరుగెత్తి తువ్వాలుతో బరబరా రుద్దుకున్నాను. దాంతో పోగులు ఇంకా లోపలికి దిగాయి.

తిరిగొచ్చేసరికి కుర్మయ్య పడవ కింద దూరి కూర్చున్నాడు. నన్నూ రమ్మన్నాడు. లోపలి నుంచి చూస్తే కుడి పక్క గోడ నూనె కాగితంలా ఎండకు వెలుగుతోంది. వేలు పెట్టి నొక్కితే మెత్తగా లోపలికి పోయింది.

"జాంగీరూ, గీ పడవ పోతె నేను మల్ల ఒకరి పడవల కూలికే," అన్నాడు. అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు.

పారిపోవాలని అనిపించలేదని అబద్ధం చెప్పను. కొల్లాపూర్ బస్సు ఎక్కాను కూడా. కానీ కొల్లాపూర్‌లో దిగి ఇంటికి పోకుండా వనపర్తి బస్సు మారాను. అక్కడ ఖాజా చాచా అని ఫైబర్ తలుపులు, నీళ్ల ట్యాంకులు చేసే పెద్దాయన ఉండేవాడు. కాగితంలో చుట్టి తెచ్చిన పోగులు ఆయన ముందు పెట్టాను. ఏ మందు రాశావని అడిగాడు. చెప్పాను. తల పట్టుకున్నాడు.

"ఫైబరంటే గాజు పోగులను జిగురుల ముంచి చేసేది బేటా. నీ మందు జిగురును గుడ తింటది. ఏది రంగో ఏది పడవో మందుకు తెల్వదు. తెల్వాల్సింది నీకు."

జీవితంలో నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే. చాచా జిగురు డబ్బా, గాజు పోగుల చాప పట్టుకుని నాతో సోమశిల వచ్చాడు. మందు పోయేలా పడవను కడిగించాడు, రెండు రోజులు ఆరనిచ్చాడు. మెత్తబడిన భాగం కోసేసి, కొత్త చాప పరిచి, పొర మీద పొర జిగురు పట్టించాడు. ఆరో పొర నన్ను పట్టించమని తాను పక్కకు జరిగాడు.

ఎడమ పక్క రంగు తీయడం మాత్రం పూర్తిగా నా శిక్ష. మందు లేదు, ఇనుప పట్టీ లేదు. నిండు చేతుల చొక్కా, ముఖానికి గుడ్డ, మొద్దు ప్లాస్టిక్ పట్టీ, నీళ్లలో ముంచిన సన్న గరుకు కాగితం. జానెడు జానెడు తుడుస్తూ, రంగు ఎక్కడ అయిపోయి పడవ ఎక్కడ మొదలవుతుందో వేలితో తడిమి చూసుకుంటూ నాలుగు రోజులు రుద్దాను. అరచేతులు బొబ్బలెక్కాయి. అయితేనేం, పాత రంగంతా పోయింది, కింది నున్నటి పొర మీద ఒక్క గీత పడలేదు. చాచా ఆ పక్కంతా చెయ్యి నిమిరి, ఇప్పుడు నువ్వు పనోనివైనవ్ అన్నాడు. లారీలన్నీ కలిపి ఇవ్వని సంతోషం ఆ ఒక్క మాట ఇచ్చింది. ఆ సాయంత్రమే ఆయన వనపర్తి వెళ్లిపోయాడు.

ఇక ఆకాశం లాంటి నీలం వేశాను, అంచుకు పసుపు గీత కొట్టాను. చివరగా, రెండు పక్కలా నా లారీ విద్యంతా చూపిస్తూ, నీడలు దిద్ది, పూల తీగలు చుట్టి "గంగమ్మ తల్లి" అని ఇంత లావున రాశాను.

శివరాత్రికి ముందు రోజు ఎనిమిది మంది కలిసి పడవను తిప్పి నీళ్లలోకి నెట్టారు. కుర్మయ్య అడుగున చెయ్యి పెట్టి చూశాడు. పొడిగా ఉంది. ఆయన ముఖం వెలిగింది. నేను రొమ్ము విరుచుకుని ఒడ్డున నిలబడ్డాను. అప్పుడు గమనించాను, ఒడ్డున జనమంతా మెడలు పక్కకు వంచి పడవను చూస్తున్నారు.

పడవ బోర్లా ఉన్నప్పుడు పేరు రాశాను కదండీ. పడవ సరిగ్గా నిలబడింది. గంగమ్మ తల్లి తలకిందులైంది.

గీకేసి మళ్లీ రాస్తానని మందు సంచీ అందుకోబోయాను. కుర్మయ్య నీళ్లలోకి దూకి నాకూ పడవకూ మధ్య నిలబడ్డాడు.

"వద్దు తమ్మీ. నీ కాళ్లు మొక్కుత, గీకుడు మాత్రం వద్దు. పేరు గట్లనే ఉండనీ. పడవ బోల్తపడితెనే అది సక్కగ కనవడతది. ఎవ్వరికీ సక్కగ కనవడకుండ నడుపుకుంట."

మాట నిలబెట్టుకున్నాడు. పడవ నిండా జనాన్ని ఎక్కించుకుని ఎన్ని శివరాత్రులు నడిపినా, ఆ పేరును ఈనాటికీ ఎవరూ మెడ వంచకుండా చదవలేదు. నా చేతి అతుకు ఎంత గట్టిదో ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

కనుక కృష్ణమ్మ నీళ్లు దోసిట పట్టి అందరి ముందు ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ పడవ మీదైనా పేరు రాసేముందు ముమ్మారు ఆకాశం వైపు, ముమ్మారు నేల వైపు చూసి, ఏది పైనో నలుగురిని అడిగి, వాళ్లు సంతకం పెట్టాకే కుంచె తడుపుతాను.