పాళీ మేస్త్రీ ముట్టుకోకూడని పాళీ

చేతిలో పనుంటే మనిషికి గౌరవం. ఆ పని తాలూకు గొప్ప నోట్లోకెక్కిందా, చేటు. పాళీ మేస్త్రీకి రెండూ ఉన్నాయి.

ఆయన అసలు పేరు కట్టుకున్నదే పిలవదు, మనకెందుకు! ఇంకు పెన్నులు బాగుచేస్తాడు. చెప్పుల కొట్టుకీ తాళాల కొట్టుకీ మధ్య ఇరుక్కున్న గది ఆయనది. రెండు కుర్చీలేస్తే మూడోవాడు గుమ్మంలో నిలబడాల్సిందే. బల్ల మీద ఓ దీపం, కంటికి తగిలించుకునే భూతద్దం, అరచేయంత సానరాయి, పాత చొక్కా చింపిన గుడ్డపీలికలు. గోడకి అద్దాల బీరువా. అందులో ఆయన పోగేసుకున్న పెన్నులు నూట అరవై రెండు, చంటిపిల్లల్ని పడుకోబెట్టినట్టు పక్కపక్కనే పడుకోబెట్టి ఉంటాయి. రోజూ తుడుస్తాడు, మూత తీస్తాడు, వాసన చూస్తాడు, మళ్లీ పెడతాడు.

మరి ఇన్ని పెన్నులతో ఏం రాస్తాడయ్యా అంటే, పుట్టి బుద్ధెరిగాక రాసింది ఒక్కటే ముక్క. "ఈ పెన్ను బాగా రాస్తున్నది." బాగుచేసిన ప్రతి పెన్నుతోనూ అదే రాసి చూసుకుంటాడు. "సామాన్ల చీటీ కూడా నేనే రాసుకోవాలి. నూట అరవై పెన్నుల మొగుడు!" అని భార్య దెప్పేది. ఆయన నవ్వేసేవాడు.

పని నేర్పింది మేనమామ. ఆయన పోతూ పోతూ తన బంగారు పాళీ పెన్ను మేనల్లుడి చేతిలో పెట్టాడు. దాంతో పాటు ఓ మాట కూడా పెట్టాడు. "పాళీ అంటే చెప్పులాంటిదిరా. తొడిగిన కాలు తీరునే అరుగుతుంది. ముందు రాయించు, తర్వాతే ముట్టుకో." పెన్నేమో బీరువాలో అందరికంటే పైన మెరుస్తూ ఉండేది. మాట మాత్రం రానురానూ అడుక్కి పోయింది.

ఆదివారం పొద్దున ఆ గదిలో కచేరీ పెట్టేవాళ్లు. పెన్నుల పిచ్చి ఉన్న రిటైరైన రైలు గార్డొకడు, పళ్ల డాక్టరొకడు. వీళ్లు పొగుడుతుంటే మేస్త్రీ మెడ అంగుళం అంగుళం పెరుగుతూ ఉండేది.

అలాంటి ఓ ఆదివారమే ఆమె వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. ఎండ మాడుస్తున్నా కుడి భుజం మీదుగా శాలువా కప్పుకుని ఉంది. ఎడమ చేత్తో ఓ పాత నల్ల పెన్ను తీసి బల్ల మీద పెట్టింది. వాడీ వాడీ నలుపు కాస్తా గోధుమరంగుకి తిరిగింది.

"ఇంకు సరిగ్గా దిగట్లేదండి. కడిగి ఇస్తే చాలు. పాళీ మాత్రం ముట్టుకోవద్దు."

మేస్త్రీ భూతద్దం పెట్టి చూశాడు. పాళీ కొసన గట్టి గింజ ఉంటుంది, కాగితానికి తగిలేది అదే. అది ఓ పక్కకి పూర్తిగా అరిగిపోయి ఉంది.

"ఇదేంటమ్మా! దీంతో రాస్తున్నావా, దున్నుతున్నావా?"

గార్డు పకపకా నవ్వాడు. ఆమె నవ్వలేదు. "నాకు బాగానే రాస్తుందండి" అంది.

అప్పుడు కాగితం ఆమె ముందుకి తొయ్యాలి. మేనమామ మాట అందుకే కదా ఉన్నది! తొయ్యబోయాడు కూడా. ఇంతలో పళ్ల డాక్టరు అందుకున్నాడు. "వద్దులే మేస్త్రీ. ఇంతలా అరిగితే పన్నయినా పాళీ అయినా పీకి పారెయ్యడమే. ఇది నీ వల్ల కూడా కాదు."

ఇంకేం, చురుక్కుమంది. "నా వల్ల కాదా? గంటాగి రామ్మా" అన్నాడు.

ఆమె వెళ్లగానే సానరాయి మీద రెండు చుక్కల నీళ్లేసి, ఎనిమిది అంకె చుట్టినట్టు పాళీని తిప్పాడు. తిప్పాడు, భూతద్దంలో చూశాడు, మళ్లీ తిప్పాడు. ముప్ఫై ఏళ్ల అరుగుదల ముప్పావు గంటలో చదునైపోయింది. ఇంకు పోసి, "ఈ పెన్ను బాగా రాస్తున్నది" అని రాశాడు. వెన్న మీద వేలు జారినట్టు జారింది. గార్డు చప్పట్లు కొట్టాడు.

ఆమె వచ్చింది. కాగితం చూసింది, పాళీ చూసింది. మొహంలో రంగు దిగిపోయింది.

"ముట్టుకోవద్దన్నాను కదండీ."

"ముట్టుకోకపోతే ఎలా బాగవుతుందమ్మా? కొత్తదైపోయింది. రాసి చూసుకో."

శాలువాలో చెయ్యి కదిలింది. ముగ్గురు మగాళ్లూ అటే చూస్తున్నారు. చెయ్యి బయటికి రాలేదు. "ఇంటికెళ్లి చూసుకుంటా" అని పెన్ను పట్టుకుని వెళ్లిపోయింది.

నాలుగో రోజు మళ్లీ వచ్చింది. కొట్లో ఎవరూ లేరు.

"కాగితానికి గుచ్చుకుంటోందండి. గుచ్చుకోకపోతే మరక పెడుతోంది."

అప్పుడు తెలిసింది మేస్త్రీకి. తన చేతికి వెన్నలా జారినది ఆమె చేతికి ముల్లయిందంటే, ఆ చెయ్యి పట్టే తీరే వేరు. కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడింది. తప్పయిపోయింది తల్లీ అంటే ఏం పోయేది? మెడ ఓ అంగుళం తగ్గేది, అంతే. అది చాతకాక ఏమన్నాడో తెలుసా?

"కొత్త చెప్పు కరవదూ? పది రోజులు రాయి, అదే సర్దుకుంటుంది."

పచ్చి అబద్ధం. ఆ గింజ పది రోజుల్లో కాదు కదా, పదేళ్లకి అరిగితే గొప్ప. ఆమె తలూపి వెళ్లింది. ఆ ఊపిన తల రోజంతా మేస్త్రీ కళ్ల ముందే ఊగింది. అన్నం సగంలో వదిలేసి లేస్తే భార్య అడిగింది. ఆకలి లేదని చెప్పి చెయ్యి కడుక్కున్నాడు.

ఇంకో వారానికి భార్య మోకాళ్ల మాత్రలు తెచ్చుకుంది ఆసుపత్రి నుంచి. పొట్లం బల్ల మీద పడేసి గొణిగింది. "చూడండీ ఖర్మ! ఎప్పుడూ ముత్యాల్లా ఉండేవి అక్షరాలు. ఇవాళేమో, రోజుకి ఒకటో రెండో కూడా తెలియట్లేదు. ఆ పొట్లాల మీద రాసేదాన్ని అడిగితే, పెన్ను చెడిపోయిందమ్మా, నోటితో చెప్తాను గుర్తుపెట్టుకో అంది. చదువురాని వాళ్లు ఇంటికెళ్లి ఎవరితోనో చదివించుకుంటారు, వాళ్లేం గుర్తుపెట్టుకుంటారు? ఎవడో మహానుభావుడు దాని పెన్ను నాశనం చేశాట్ట!"

మహానుభావుడు పొట్లం చేతిలోకి తీసుకున్నాడు. ఇంకు మరక. దాని పక్కన పాళీ గీరుకుపోయి చిల్లు.

"శాలువా కప్పుకుంటుందా ఆమె?" అన్నాడు మెల్లిగా.

"మీకెలా తెలుసు?"

ఆయన పొట్లం మడత సరిచేశాడు. ఆవిడ మొగుణ్ణి ఎగాదిగా చూసింది. చాలు, అర్థమైపోయింది. ఎప్పుడూ ఆగని ఆ నోరు ఆ పూట తిట్టలేదు. ఆవిడ లేచి లోపలికెళ్లింది. తిట్టినా బాగుండేది.

మర్నాడు ఆయన ఆసుపత్రికెళ్లి మందుల కిటికీ ముందు వరసలో నిలబడ్డాడు. కిటికీ లోపల ఆమెకి శాలువా లేదు. కుడి చేతికి చూపుడు వేలూ నడిమి వేలూ మొదలంటా లేవు. పెన్నుని బొటనవేలికీ ఉంగరం వేలికీ మధ్య ఇరికించి, దాదాపు పడుకోబెట్టి రాస్తోంది. నొక్కి రాసే పెన్నులు ఆ చేతికి పనికిరావు, బలం లేదు. ఇంకు పెన్నయితే తన బరువుకి తనే నడుస్తుంది. ముప్ఫై ఏళ్లపాటు ఆ పెన్ను ఆ చేతికి తగ్గట్టు అరిగి అరిగి, లేని రెండు వేళ్ల పనీ చేసింది. మేస్త్రీ సానరాయి మీద అరగదీసింది ఆ అరుగుదలనే.

మందుల గది పెద్దాయన ఆమె వెనక నిలబడి గదుముతున్నాడు. "ఇంకో నాలుగు రోజులు చూస్తానమ్మా. ఇలాగే ఉంటే వెనక గదిలో సీసాలు కడుగుదువుగాని. మందు తేడా వస్తే నా పీకల మీదికొస్తుంది."

మేస్త్రీ వరసలోంచి పక్కకి తప్పుకున్నాడు. వరసంతా అయిపోయాక కిటికీ దగ్గరికెళ్లాడు. ఆమె చటుక్కున చెయ్యి బల్ల కిందికి లాక్కుంది.

"ఈ సంగతి చెప్పలేదేం తల్లీ?"

"ముట్టుకోవద్దని చెప్పాను. ఇంకేం చెప్పాలి? ముగ్గురు మగాళ్లు నవ్వుతుంటే అచ్చుయంత్రం మింగిన చెయ్యి చాపి చూపించాలా?"

ఆయన తల వంచుకున్నాడు. "పది రోజుల్లో సర్దుకుంటుందన్నది అబద్ధం."

"తెలుసు. ఏడో రోజునే తెలిసింది."

"బాగుచేస్తానమ్మా. వేరే పాళీ వేస్తాను. కానీ నువ్వు నా ముందు కూర్చుని రాయాలి. చెయ్యి చూడందే నేను చెయ్యలేను."

ఆమె మిగిలిన పొట్లాలు ఎడమ చేత్తో పక్కకి సర్దింది. తర్వాత అంది, "నన్ను ఎవరి ముందు నవ్వులపాలు చేశారో, వాళ్ల ముందే ఈ అబద్ధం సంగతి చెప్పండి. అప్పుడు తీస్తాను చెయ్యి."

ఆదివారం వచ్చింది. గార్డు ఉన్నాడు, పళ్ల డాక్టరు ఉన్నాడు. ఆమె గుమ్మంలో నిలబడింది. మేస్త్రీ కుర్చీలోంచి లేచాడు.

"ఆ రోజు ఈమె పాళీ ముట్టుకోవద్దంది. మీ ముందు గొప్పకి పోయి ముట్టుకున్నాను, పాడు చేశాను. అడగడానికొస్తే పది రోజుల్లో సర్దుకుంటుందని అబద్ధమాడి పంపాను."

"అబ్బా, ఓ పాళీకి ఇంత రామాయణమా!" అని గార్డు నవ్వబోయాడు.

ఆమె శాలువా తీసి కుర్చీ మీద వేసి, చెయ్యి బల్ల మీద పెట్టింది. గార్డు నవ్వు సగంలోనే చచ్చిపోయింది. డాక్టరు లేచి ఆమెకి కుర్చీ జరిపాడు. కాసేపటికి ఇద్దరూ ఒకళ్ల తర్వాత ఒకళ్లు బయటికి జారుకున్నారు.

మేస్త్రీ బీరువా తెరిచి, పైనున్న మేనమామ పెన్ను తీశాడు. దాని పాళీ ఊడబెరికి ఆమె పెన్నుకి బిగించాడు. కొలత సరిపోయింది. బోసినోరు పడ్డ మేనమామ పెన్నుని పక్కన పెట్టి, కాగితం ఆమె ముందుకి తోశాడు. పాతికేళ్లలో మొదటిసారి ముందు రాయించాడు.

"ఏం రాయను?"

"నీ చేతికి అలవాటైనదే రాయి."

ఆమె రాసింది: ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, భోజనం తర్వాత.

ఆయన ఆ వేళ్లకేసి చూశాడు, పెన్ను వాలు చూశాడు. పాళీని రాయి మీద వెంట్రుకవాసి జరిపాడు. మళ్లీ రాయించాడు. ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. మధ్యాహ్నం దాటేదాకా అదే తంతు. కాగితాలు రెండువైపులా నిండాయి. ఆఖరికి గీరుకోవడం మానింది, మరక మానింది.

"పాతదానిలా లేదు" అందామె.

"లేదమ్మా. అలా చెయ్యడం నాకు రాదు."

ఆ ముక్క ఆయన నోట రావడం అదే మొదలు. ఆమె శాలువా కప్పుకుని వెళ్లిపోయింది. క్షమించాననీ అనలేదు, క్షమించననీ అనలేదు.

ఆమె కిటికీ దగ్గరే ఉంది, సీసాల గదికి వెళ్లలేదు. ఇప్పుడు భార్య మాత్రలకి నెలనెలా మేస్త్రీయే వెళ్తాడు, వరసలో చివర నిలబడతాడు. ఆమె పొట్లం మీద రాస్తుంది. అక్షరాలు ముత్యాలు కావు, కాస్త లావు. కానీ చదువుకోవచ్చు. పొట్లం బయటికి తోసి, అందరికీ చెప్పినట్టే చెప్తుంది, "భోజనం తర్వాత వేసుకోమనండి."

అంతే. ఓ మాట ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఆ లావు అక్షరాలకేసి చూస్తూ ఇంటికి నడుస్తాడు. దారిలో ఎవరైనా "ఏం మేస్త్రీ, నీ చెయ్యి పడితే పెన్నుకి ప్రాణమొస్తుందటగా!" అంటే, వినబడనట్టు పొట్లం జేబులో పెట్టుకుంటాడు.