ఎక్కుడు లేని దిగుడు

సారవ్వకు మనుషులంటే భయం లేదు. కూరగాయల బండివాడు కూడా ఆమె నోటికి జడిసి పిడికెడు కొత్తిమీర ఎక్కువే వేసేవాడు. భయమంతా నిప్పంటేనే. చిన్నప్పుడు గడ్డివాములో దాక్కుంటే వాము అంటుకుని, జడ సగం కాలిపోయింది. అందుకే గోదావరిఖనిలో కాపురం పెట్టిననాటి నుంచి పొయ్యి ముట్టించేది మొగుడు రాజమే. ఏ షిఫ్టుకు పోయినా ముట్టించే పోయేవాడు. కట్టెలపొయ్యి పోయి గ్యాసు వచ్చినా ఆ పని ఆయనదే.

రాజం ముప్పై రెండేళ్లు బొగ్గుబాయి దిగాడు. ఒకసారి కప్పు కూలి, పూటంతా చీకట్లో ఇరుక్కుపోయాడు. ఆనాటి నుంచి తలుపు మూస్తే నిద్రపోడు. ఇప్పుడు నాలుగడుగులు వేస్తే ఆయాసం. దవాఖానవాళ్లు ఇక చేసేదేం లేదని చెప్పి పంపేశారు.

ఒక సాయంత్రం మనవరాలు సంతోషి బడికోసం కథ రాస్తూ పైకి చదివింది. ఆమె కల్పించిన లోకంలో మూడు జాతులు. కొండజాతి వాళ్లు చచ్చినవాళ్లను కాలుస్తారు, వాళ్లు గాలైపోతారు. నదిజాతి వాళ్లు తెప్పమీద వదులుతారు, వాళ్లు చేపలైపోతారు. గుహజాతి వాళ్లు పాతిపెడతారు; వాళ్లు నేలకింద తాతముత్తాతలతో దీపాలు పెట్టుకుని కూర్చుంటారు.

మంచంలోంచి రాజం అన్నాడు: "బిడ్డా, ఆ గుహల నా పేరు రాయకు."

"అదేమన్న పెన్షన్ కాయితమా, పేరు రాయనీకి?" అని సారవ్వ నవ్వింది. ఆయన నవ్వలేదు.

"సారవ్వా, నన్ను బొంద పెట్టకుండ్రి. కాలబెట్టుండ్రి. బాయిల ఎన్నిసార్లు దిగినా పైకెక్కుడు ఉండె. గా దిగుడుకు ఎక్కుడు లేదు."

వాళ్ల ఇంట్లో కాల్చే ఆనవాయితీ లేదు. వాగు ఒడ్డున రాజం తల్లిదండ్రుల పక్కన వీళ్లిద్దరికీ జాగా ఉంచారు. సంగతి తెలిసి మరునాడే మరిది వీరేందర్ వచ్చాడు.

"ఏంది వదినె గిది? కాలిస్తే అన్న పెద్దలల్ల ఎట్ల కలుస్తడు? పెత్తరమాసనాడు పెద్దలకు పెట్టేటప్పుడు ఎవలిని పిలుస్తం?"

"మీ అన్న బతికుండంగనే బొంద కొలతలు తీస్తున్నవా? చాయ్ తాగి పో."

మాటకు మాట అనేసింది గాని, లోపల ముడి పడిపోయింది. పాతిపెడితే ఆయన మాట కాదన్నట్టు. ఆ చీకట్లోకి తన చేతులతో తోసినట్టు. కాలిస్తే ఆయన గాలి, తాను మట్టి. పోనీ, తానూ కాలుదామనుకుంటే గడ్డివాము కళ్లముందుకు వస్తుంది. ఎటు తిరిగినా గోడే.

సంతోషిని అడిగింది: "గుహలోళ్లు కొండోళ్ల దగ్గరికి పోవచ్చానే? బస్సు గిట్ల ఉంటదా?"

"ఉండదు బాపమ్మా. ఎవల లోకం వాళ్లదే. దాటితే కథ చెడిపోతది."

"నీ కథ సల్లగుండ! మా కథ చెడగొడితివి గదనే."

మూడు రోజులు సారవ్వ బండివాడిని కొసరు కొత్తిమీర కూడా అడగలేదు. వాడకట్టు వాళ్లు ఈమెకే ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు. నాలుగోనాడు వీరేందర్ మళ్లీ వస్తే గడపలోనే ఆపింది.

"కాలబెడుతం. తర్వాత నన్ను గూడ."

"నీకు నిప్పంటేనే పడది గదా వదినె!"

"కాలేది నువ్వా, నేనా? నీకెందుకు ఫికర్?"

మంచంమీద రాజం తువ్వాల మొహంమీదికి లాక్కున్నాడు.

తెల్లారి ఆయన ఎప్పటిలాగే గోడ పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. లైటర్ అప్పటికే సారవ్వ చేతిలో ఉంది. ఒకసారి నొక్కి చెయ్యి వెనక్కి లాక్కుంది. రెండోసారీ అంతే. మూడోసారి భగ్గుమంది.

"నేనున్న గదనే. ఇటియ్యి."

"ముందు పోయేటోనివి నువ్వే. నాకు అలవాటు గావొద్దా?"

వీధి తలుపు బార్లా తెరిచే ఉంది. పారిపోదామని కాళ్లు లాగుతున్నా, పాలు పొంగేదాకా సారవ్వ ఆ మంట ముందునుంచి కదల్లేదు.